ఇంటిముచ్చటలు: అమ్మాయి చేతిలో రైఫిలు



పోయిన నెలలో మాగాయను గుఱించి వ్రాసి, ఈ నెలలో తుపాకిని గుఱించి వ్రాయుట చూచి మీలో కొందఱు నవ్వుదురు, కొందఱు నొసలు చిట్లింతురు. మేమేమి చేయుదుము? ఇంట జరుగునదే వ్రాయవలెనని ఈ పుటకు మొదటినుండియు నియమము. మా పెద్దమ్మాయి యిపుడు రైఫిల్ షూటింగు నేర్చుకొనుచున్నది. "పిల్లకు సంగీతము చెప్పింపరాదా?" అని మమ్మడిగినవారు మా వీథిలోనే నలుగురు కలరు. చెప్పించితిమి. రెండేండ్లు సరళీవరుసలు పాడి, జంటవరుసలకు వచ్చుసరికి తానే మానివైచినది. ఆ మాట యట్లుండనిండు.

మా వారు పనిచేయు పాఠశాలలో ఎన్.సి.సి. కలదు. అమ్మాయి ఎనిమిదవ తరగతిలో దానియందు చేరెను. కవాతు చేయుట, బూట్లకు మెఱుగు పెట్టుట వఱకు మాకెట్టి యాక్షేపణయు లేకుండెను. నిరుటి శిబిరములో పిల్లలను నేలపై బోరగిల పండుకొనబెట్టి, పాయింట్ 22 రైఫిలుతో తలకు ఐదేసి గుండ్లు కాల్పించిరి. అమ్మాయి తన గుఱికాగితమును పుస్తకములో పెట్టుకొని యింటికి తెచ్చెను. చూచితిమి. నడిమి నల్లని వలయములో ఒక్క చిల్లియు లేదు. ఐదును క్రిందుగా, ఎడమవైపునకు, ఒకదానినొకటి ఒరసికొని యుండెను. పది రూపాయల బిళ్ల యొకటి పెట్టినచో ఐదును దాని క్రింద దాగును.

"ఒక్కటియు తగులలేదు గదా, దీనిని దాచుకొనుట యెందులకు?" అంటిమి. అమ్మాయి నవ్వి, తనకే మొదటి స్థానమిచ్చిరని చెప్పెను.

మాకు వింతగా తోచెను. పిమ్మట తెలిసినదేమనగా, ఈ విద్యలో మొదట చూచునది నడిమి చుక్క కాదు. గుండ్లన్నియు ఒకేచోట పడుచున్నవా లేదా యనునది. దీనిని గ్రూపింగు అందురు. చోటునకొకటిగా చెదరిన గుండ్లలో ఒకటి నట్టనడుమ తగిలినను అది కాకతాళీయమే. ఐదును ఒకేచోట తప్పినచో తప్పు మనిషిది కాదు, తుపాకిమీది సైటుది. సైటునకు మరలు కలవు. వానిని మెట్టు మెట్టుగా త్రిప్పినచో ఆ గుంపంతయు కదలి నడిమికి వచ్చును. ప్రతిదినమును పులుసులో ఒకేయంత ఉప్పెక్కువ వేయు కోడలిని దిద్దుట సులభము. ఒకనాడు చప్పగాను, ఒకనాడు ఉప్పుకషాయముగాను వండుదానిని ఏ యత్తగారు దిద్దగలరు?

ఇంతవఱకు విని ముచ్చటపడితిమి. కాని వేసవి సెలవులలో హైదరాబాదులో మా తమ్ముని యింట నుండి ఈ విద్య సరిగా నేర్చుకొందునని అమ్మాయి అడిగినప్పుడు మాత్రము మేము వలదంటిమి. కారణము మా వారికి తెలియును. పిల్లకు అప్పటికి తెలియదు. మేము పుట్టిన యూరిలో మా ప్రక్కయింట, చేలమీదికి వచ్చు అడవిపందులను తోలుటకు నాటుతుపాకి యొకటి యుండెడిది. మందు కూరియే అటుకమీద పెట్టెడివారు. ఒక దసరాకు ఆయుధపూజకని దింపి తుడుచుచుండగా అది పేలెను. ఆ యింటి పిల్లవాడు, మాతో వామనగుంటలాడువాడు, గుమ్మములో నిలిచియుండెను. జీపు దొరకి ఆసుపత్రికి చేరుసరికే ప్రాణము పోయినది. అప్పుడు మా నాయనగారు మాకు రఘువంశములో దశరథుని వేటను చెప్పుచుండిరి. ఏనుగనుకొని బాణము విడిచి మునికుమారుని చంపిన ఘట్టమునకు రెండు శ్లోకముల దూరములో నుంటిమి. నాయనగారు ఆ పుస్తకమును మూసి మఱల తెఱువలేదు. ఆ సర్గము నేటికిని మాకు సగమే వచ్చును.

"నిర్ణయము నీదే. కాని చూడకుండ కాదనకుము" అని మా వారనిరి. మా అత్తగారు మాత్రము చూడనక్కఱ లేకయే కాదనిరి. "తుపాకీ పట్టిన పిల్లని ఎవరు చేసుకుంటారే అమ్మాయీ? రేపు ఏ మాట అన్నా అల్లుడు భయపడి చస్తాడు" అని వారి వాదము. దానికి మేము నవ్వలేదు గాని, మా వారు కండువా నోటికడ్డము పెట్టుకొనిరి.

చూచుటకే పోయితిమి. మొదట పోయినచోట మా అమ్మాయి పేరు వ్రాసికొనుటకు ముందే విదేశపు రైఫిలు వెల చెప్పి, వాయిదాలలో కట్టవచ్చునని లెక్క వ్రాసి యిచ్చిరి. ఉపాధ్యాయుని యేడాది జీతమునకు అది మించియుండెను. పిల్ల యింకను తుపాకిని ముట్టనైనను ముట్టలేదు. నమస్కారము పెట్టి లేచివచ్చితిమి. ఆ చోటి పేరు ఇచట వ్రాయము. మీరెవరైన పిల్లలను పంపదలచినచో ఇది మాత్రము జ్ఞాపకముంచుకొనుడు: మొదటి యేడు పిల్లకు సొంత తుపాకి అక్కఱలేదు. నేర్పుచోట ఉమ్మడి రైఫిళ్లుండును. మొదటి దినముననే కొనుమనువాడు విద్య నమ్మువాడు కాడు, తుపాకుల నమ్మువాడు.

రెండవచోట రేకుల కప్పు గల పొడవైన సావడి. సైన్యములో కొలువు చేసి విరమించిన పెద్దాయన యొకరు అచట కోచ్. అటనున్నవన్నియు ఎయిర్ రైఫిళ్లే. అనగా మందు లేదు, నిప్పు లేదు. గొట్టము క్రిందనున్న సన్నని సిలిండరులో బిగించిన గాలియే గుండును త్రోయును. గుండు సీసముతో చేసినది, 4.5 మిల్లీమీటర్ల లావు, అరగ్రాము బరువు. నడుము సన్నగా డమరుకమువలె నుండును. దానిని పెల్లెట్టు అందురు. చప్పుడు చిటిక వేసినంతయే. మేము చెవులు మూసుకొని లోనికి పోయి, సిగ్గుపడి చేతులు దింపితిమి.

దూరము పది మీటర్లు. గుఱికాగితము మీది వలయములన్నియు కలిసి 4.55 సెంటీమీటర్ల మేర. నడుమ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, బొంబాయిరవ్వ పలుకంత. పోటీలో 75 నిమిషములలో 60 గుండ్లు కాల్చవలెను. పదిలోనే మఱల పది భాగములుగా విభజించి, నట్టనడుమ పడిన గుండునకు 10.9 ఇత్తురు. మొత్తము 654. పూర్వము స్త్రీలకు 40 గుండ్లే యుండెడివి. 2018 నుండి పురుషులతో సమముగా 60 చేసిరి.

రైఫిలు 5.5 కిలోగ్రాములకు మించరాదు. మించకున్నను అది నాలుగు నెలల బిడ్డ బరువు. దానిని నిలువుకాళ్లపై ఎత్తి పట్టి గంటకు పైగా కాల్చుట యెట్లని మా సందేహము. దానికి సమాధానము మన నడుములోనే యున్నది. కండలతో ఎత్తినచో చేయి వణకును. ఎముకలపై ఆనించినచో వణకదు. ఎడమ మోచేతిని తుంటియెముకపై మోపి, నడుమును ముందుకు, ప్రక్కకు నెట్టి, వెన్నును వెనుకకు వాల్చి నిలుతురు. చంకబిడ్డ నెత్తుకొని పొయ్యివద్ద నిలిచిన తల్లి యెట్లు నిలుచునో చూచితిరా? అదే నిలుకడ. కోచ్‌గారు మగపిల్లలకు దీనిని రెండు వారములు నేర్పుదురట. మా అమ్మాయి మా చిన్నవానిని మూడేండ్లు మోసినది; ఒక్కపూటలో పట్టుబడెను.

మా కోరికపై మాచేతను కాల్పించిరి. రైఫిలును స్టాండుపై ఆనించి యిచ్చిరి. మొదటి గుండు కాగితమునకే తగులలేదు. ఐదవదానికి ఆఱు మార్కులు వచ్చెను. అమ్మాయి మర్యాదకు నవ్వలేదు.

ఇచట మాకొక శాస్త్రచర్చ తగిలినది. విలువిద్య పరీక్షలో అర్జునుడు పక్షికన్ను నొక్కదానినే చూచెనని మనమందఱము పిల్లలకు చెప్పుదుము. సంస్కృత భారతములో అతడు చెప్పినది కన్ను కాదు, తల. పక్షి తలయే కనబడుచున్నది, దేహము కనబడుటలేదనును. అది యట్లుండగా, ఈ కాలపు రైఫిలు విద్యలో అర్జునుని జవాబు చెప్పినచో కోచ్‌గారు దిద్దుదురు. కంటికి దగ్గఱగా చిన్న రంధ్రము గల వెనుకటి సైటొకటి, గొట్టము చివర ఉంగరమువంటి ముందటి సైటొకటి యుండును. కన్ను ఒకేసారి మూడు దూరములను స్పష్టముగా చూడలేదు. కావున స్పష్టముగా కనబడవలసినది ముందటి ఉంగరము. గుఱి మసకగా, ఒక నల్లని వలయముగా, దానిలో సమముగా కూర్చున్నచో చాలును. గుఱినే తదేకముగా చూచినవాని గుండు ప్రక్కకు పోవును. మా నాయనగారున్నచో ఈ మాట విని ద్రోణాచార్యుని పక్షమున ఒక పూటయంతయు వాదించియుందురు.

మఱియొక చమత్కారము. నిలుకడ కుదిరిన పిమ్మట కన్నులు మూసి, రెండు మూడు ఊపిరులు తీసి, కన్నులు తెఱువుమందురు. అపుడు రైఫిలు ఎటు చూచుచున్నదో అదే ఆ శరీరమునకు సహజమైన దిక్కు. అది గుఱికి ప్రక్కగా నున్నచో చేతులతో లాగరాదు; పాదములను కదల్పవలెను. చేతులతో లాగినది ట్రిగ్గరు నొక్కు క్షణమున మఱల తన దిక్కునకు పోవును. ఊపిరి సగము విడిచి, ఆపి, ఆఱేడు సెకనులలో కాల్చవలెను. అంతలో కుదరకున్న రైఫిలు దింపి మఱల మొదలుపెట్టవలెను. ఈ దింపుటయే మా అమ్మాయికి కష్టమైనది. ఎత్తినది కాల్చకుండ దింపుట ఓటమి యనుకొనెడిది. ఆ మొండితనము వలన ఒక్కొక వరుసలో ఒకటి రెండు గుండ్లు ఏడునకు పోయెడివి. ఇప్పటికిని పోవుచున్నవి.

ఇంత చూచినను మా భయము తీఱలేదని చెప్పవలెను. అది తీఱిన దినము వేఱు.

నేర్పుచోట మొదటి మూడు దినములు అమ్మాయిచేత ఒక్క గుండును కాల్పింపలేదు. నియమములే వల్లింపజేసిరి. ప్రతి తుపాకిని గుండున్నదానిగనే యెంచవలెను. గొట్టము ఎల్లప్పుడు గుఱివైపే యుండవలెను. కాల్చు క్షణము వఱకు వ్రేలు ట్రిగ్గరుపై పెట్టరాదు. కాల్చనపుడు గొట్టములో రంగుదారము దూర్చియుంచవలెను; ఆ దారము రెండువైపుల కనబడినచో లోపల గుండు లేదని దూరమునుండియే తెలియును. "స్టాప్" అని వినబడినచో ఎంత మంచి గుఱి కుదిరియున్నను ఆపవలెను. ఇవన్నియు అమ్మాయికి నోటికి వచ్చెను. నోటికి వచ్చుట వేఱని మూడవ వారములో తెలిసినది.

ఆనాడు మేము వెనుక బల్లపై కూర్చుంటిమి. వెనుకనుండి ఒక స్నేహితురాలు పిలువగా అమ్మాయి చేతిలో రైఫిలుతోనే గిఱ్ఱున తిరిగెను. దారము గొట్టములోనే యున్నది, గుండు లేదు. గొట్టము మాత్రము ఒక్క క్షణము మా బల్లమీదుగా పోయినది. కోచ్‌గారు అఱవలేదు. నడచివచ్చి, గొట్టమును పట్టి గుఱివైపు త్రిప్పి, రైఫిలును బల్లపై పెట్టి, "ఈ పూటకు చాలు. రేపు కూడ వచ్చి కూర్చుని చూడుము. ఎల్లుండి మాటాడుదము" అనిరి. "లోపల ఏమీ లేదు సార్" అని అమ్మాయి గొణిగెను. "పేలిన ప్రతి తుపాకీ లోపల ఏమీ లేదనుకున్నదే అమ్మా" అని ఆయన యనిరి.

బస్సులో అమ్మాయి దారిపొడుగున ఏడ్చెను. మేమోదార్పలేదు. మా తమ్ముని యింటికి చేరిన పిమ్మట, డాబామీద కూర్చుండి, మా ప్రక్కయింటి పిల్లవాని సంగతి మొదటిసారి చెప్పితిమి. అమ్మాయి చాలసేపు మాటాడలేదు. మఱునాడు పోయి, పొద్దస్తమానము బల్లపై కూర్చుండి ఇతరులను చూచివచ్చెను. మేము ఆ రాత్రి మా వారికి ఫోనుచేసి, మాకు సమ్మతమేయని చెప్పితిమి. పతకములు చూచి కాదు, ఆ పెద్దాయన మా పిల్లను కూర్చుండబెట్టుట చూచి సమ్మతించితిమి. అటుకమీది తుపాకికి అట్టి యజమాని యొకడున్నచో ఆ పిల్లవాడు నేడు మా యీడువాడై యుండెడివాడు.

ఇక గుండ్ల సంగతి. ఇది మాకు తుపాకికంటె రుచించినది.

పెద్ద తూటాలో నాలుగు భాగములు కలవు: ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు చిన్న టోపి, లోపలి మందు, మీది గుండు. కాల్చిన పిమ్మట ఇత్తడి గుల్ల మిగులును. అమెరికాలో అనేకులు ఆ గుల్లలను ఏరి తెచ్చుకొని, ఇంటిలో బల్లపై చిన్న మరతో సరిచేసి, క్రొత్త టోపి, మందు, గుండు కూర్చి తమ తూటాలను తామే చేసికొందురు. దూరపు గుఱులు కాల్చువారికి ఇది ఒక గృహపరిశ్రమ. ఖర్చు తగ్గుననుట ఒక కారణము. అసలు కారణము మేము పైన చెప్పినదే: ఒకటివలె ఒకటి యుండుట. అంగడి తూటాలలో ఒకదానికొకటి వెండ్రుకవాసి తేడా యున్నను వందలకొలది గజముల దూరములో ఆ తేడా జానలకొలది యగును. అందుచే వారు మందును గ్రెయినులో పదవవంతు వఱకు తూచుదురు. గ్రెయిను అనగా మొదట ధాన్యపుగింజ యెత్తు; గ్రామునకు పదునైదుకు పైగా తూగును. మన కంసాలి గురిగింజ వీనిలో రెండింటికి దాదాపు సమానము. గుఱికిని గురిగింజకును అక్షరము వేఱైనను, తూనిక దగ్గఱ ఇవి చుట్టములని మేము సంతోషించితిమి.

కాని మీరెవరును ఇంట దీనికి పూనుకొనవలదు. మందు ఒక పిసరు మించినచో తుపాకి చేతిలోనే పగులును. అదిగాక మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరము. మన పిల్లలకు దాని యక్కఱయు లేదు. ఎన్.సి.సి.లో కాల్చు పాయింట్ 22 తూటాకు నిప్పుమందు గుల్ల అంచులోనే యుండును. కాల్చినపుడు ఆ యంచు నలిగిపోవును గనుక దానిని మఱల నింపుట యుండదు. 50 మీటర్ల పోటీలవారు చేయునది వేఱు: ఒకేసారి తయారైన తూటాలలో కొన్నిటిని తమ రైఫిలులో కాల్చి చూచి, ఏ వరుసది దగ్గఱదగ్గఱగా పడునో దానినే కొందురు. ఎయిర్ రైఫిలువారు పెల్లెట్ల విషయములో ఇట్లే చేయుదురు. 4.49, 4.50 అని తల కొలతలు వేఱువేఱుగా అమ్ముదురు. ఆ నూఱవవంతు మిల్లీమీటరు ఒక రైఫిలునకు పడును, మఱియొకదానికి పడదు. గద్వాల నేతచీరె ఒకతెకు కుచ్చిళ్లు నిలుచును, ఒకతెకు నిలువదు, అట్లే.

లైసెన్సు సంగతి కొందఱడిగిరి. 20 జౌలులకు మించని శక్తియు, 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టమును గల ఎయిర్ రైఫిలునకు లైసెన్సు అక్కఱలేదు. పాయింట్ 22 మొదలు మందుతో పేలు తుపాకులన్నిటికిని కావలెను. లైసెన్సు అక్కఱలేదు గదాయని ఎయిర్ రైఫిలును ఆటవస్తువుగా నెంచి పెరటిలో కాకులపై, పిల్లులపై కాల్చు పిల్లలను మేము చూచితిమి. అరగ్రాము సీసము కన్ను పోగొట్టుటకు చాలును. సిలిండరునకును పదేండ్లే ఆయువు. తయారైన తేది దానిమీదనే చెక్కియుండును. చౌకగా వచ్చెనని పాత రైఫిలు కొనువారు మొదట ఆ తేది చూడవలెను.

ఖర్చు దాచము. కాన్వాసు కోటు, పంట్లాము, చేతితొడుగు, చదునైన అడుగు గల బూట్లు కావలెను. ఆ కోటు గోనెసంచివలె బిఱుసు. మే నెలలో దానిలోనికి దూరిన పిల్ల అరగంటలో తడిసిపోవును. మేము ఒక పెద్దపిల్లకు చిన్నదైన జతను సగము వెలకు కొంటిమి. తుపాకి కొనలేదు; కొందుమో లేదో తెలియదు. నెలకు రెండు ఆదివారములు బస్సుమీద పోయి ఉమ్మడి రైఫిలుతోనే కాల్చుచున్నది. మిగిలిన దినములు గోడమీది చుక్కకెదురుగా, రైఫిలు బరువునకు సరిపడ ఇసుక కట్టిన కఱ్ఱతో ఇరువది నిమిషములు నిలుచును. ప్రతి సాధనయు నోటుపుస్తకములో వ్రాయవలెనని కోచ్‌గారి యాజ్ఞ: ఎన్ని గుండ్లు, ఎచట పడినవి, నిద్ర యెంత, మనసెట్లున్నది. ఏడు పడిన గుండును కూడ ఏడని వ్రాయుచున్నది. అది మాత్రము మేము దినదినము చూచుచున్నాము.

మా అత్తగారి వాదము మిగిలియున్నది. ఒక సాయంకాలము వారికి మార్గరెట్ మర్డాక్ అను అమెరికా యువతి సంగతి చెప్పితిమి. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సునాటికి రైఫిలు పోటీలలో స్త్రీలకు వేఱు పంక్తి లేదు, పురుషులతోనే కాల్చవలెను. మర్డాక్‌కును, ఆమె దేశీయుడే యైన లానీ బాషమ్‌కును 1162 చొప్పున సమానముగా వచ్చినవి. సమమైనపుడు తేల్చు నియమమును బట్టి అతనికి బంగారము, ఆమెకు వెండి యిచ్చిరి. జాతీయగీతము వాయించు సమయమున బాషమ్ ఆమెను చేయిపట్టి తన మెట్టుమీదికి లాగుకొని, ఇరువురును ఒకేమెట్టుపై నిలిచిరి. 1984 నుండి స్త్రీలకు వేఱుగా రైఫిలు పోటీలు పెట్టిరి. మన దేశమున అభినవ్ బింద్రా 2008లో బీజింగులో ఈ పది మీటర్ల పోటీలోనే బంగారము తెచ్చెను. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో కంచు తెచ్చెను. జైపూరు బాలిక అవని లేఖరా పదునొకండవ యేట కారు ప్రమాదములో నడుము క్రింది భాగమున చలనము కోల్పోయి, బింద్రా జీవితకథ చదివి ఈ విద్యకు వచ్చినది. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్సులో 249.6 కాల్చి బంగారము గెలిచి, 2024లో పారిసులో 249.7తో మఱల గెలిచెను. పారాలింపిక్సులో బంగారము తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే.

అత్తగారు అంతయు విని, "ఆ మొదటి పిల్లని మెట్టెక్కించినవాడు మంచివాడే. అలాంటి అల్లుడు దొరికితే భయం లేదు" అనిరి. ఒప్పుకొనిరో లేదో మాకు తెలియలేదు. కాని ఆ వారమే పెల్లెట్ల డబ్బా తీసికొని, వంకరపోయినవానిని ఏరుదునని కూర్చుండిరి. తోకయంచు నొక్కుకుపోయిన పెల్లెట్టు సరిగా పోదు. అమ్మాయి ఏరుట వారు చూచిరి కాబోలు. ఐదువందల పెల్లెట్లను బియ్యపు చాటలో పోసి, కన్నద్దాలు పెట్టుకొని, బియ్యములో మట్టిబెడ్డల నేఱినట్లు ఏఱి, పదునేడింటిని తీసి ప్రక్కనబెట్టిరి.

మేము వచ్చి చూచి గుండె పట్టుకొంటిమి. సీసము విషము. పెల్లెట్లు ముట్టిన చేతితో ఏదియు తినరాదు, కన్నులు నలుపరాదు. సబ్బుతో చన్నీళ్లతో కడుగుకొనవలెను. సాధననాటి బట్టలను తక్కిన బట్టలతో కలిపి ఉదుకరాదు. వంటసామానునకు అది తగులనేరాదు. ఇది కోచ్‌గారు మాకు మొదటి దినముననే చెప్పిరి. మేము అత్తగారికి చెప్పుట మఱచితిమి. తప్పు మాదే. ఆ చాట వారి పుట్టింటినుండి వచ్చినది. వారేమియు అనకుండ దానికి ఎఱ్ఱదారము కట్టి అమ్మాయి గదిలో మేకునకు తగిలించిరి. ఇప్పుడది పెల్లెట్ల చాట. బియ్యమునకు సంతలో క్రొత్తది కొంటిమి. ఈతబద్దలది, నూటయేబది రూపాయలు.